రంగం పొయ్యి, ఇరావతి మడ

ఇరావతి నది బంగాళాఖాతంలో కలిసే ముందు తొమ్మిది పాయలుగా చీలుతుందని అంటారు. బొగలే పట్టణానికి దిగువన, ఆ పాయల నడుమ, మడ చెట్లు కమ్ముకున్న ఒక లంక ఉంది. పేరు మెయిన్‌మహ్లా. యాంగోన్‌ నుంచి నైరుతి దిక్కుగా గీత గీస్తే వంద కిలోమీటర్లు దాటాక తగులుతుంది. రోడ్డునా పడవలోనా పోతే దూరం ఇంకా పెరుగుతుంది. 1994లో దాన్ని అభయారణ్యం చేశారు. విస్తీర్ణం దాదాపు 137 చదరపు కిలోమీటర్లు. 2003లో ఆసియాన్ వారసత్వ వనాల్లో చేరింది. 2017లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. మయన్మార్‌లో ఉప్పునీటి మొసళ్ళకు మిగిలిన ముఖ్యమైన తావుల్లో ఇదొకటి. ఒక లంకకు కాగితం మీద ఇంతకు మించిన రక్షణ కల్పించడం కష్టం.

ఆ కాగితం ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఇక్కడి ప్రశ్న. దీని మీద అటవీ అధికారులు ఒకటి చెబుతారు, ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్ళు ఇంకొకటి, మొసళ్ళ శాస్త్రజ్ఞులు వేరొకటి. అన్నీ చదివాక నాకు తోచింది ముందే చెప్పేస్తాను. మెయిన్‌మహ్లా బతుకు బొగలే అటవీ కార్యాలయంలో కంటే యాంగోన్ వంటిళ్ళలో ఎక్కువగా నిర్ణయమవుతోంది. నగరం ఏం తింటోంది, దేంతో వండుతోంది అన్నవి వదిలేసి లంక చుట్టూ ఎన్ని బోర్డులు పాతినా చాలవు.

తెలుగువాళ్ళకు ఈ గొడవ పరాయిది కాదు. మన తాతల తరంలో 'రంగం పోవడం' అంటే రంగూన్, అంటే నేటి యాంగోన్, పోవడమే. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి పోయినవాళ్ళే ఆ నగరాన్ని మూటలు మోసి, పడవలకెత్తి, వరి దంపి నడిపారు. ఇరావతి డెల్టా అడవి వరిచేలుగా మారడంలో వాళ్ళ చెమటకు చాలా పెద్ద పాలుంది. దాన్ని తలుచుకోకుండా మెయిన్‌మహ్లా గురించి రాస్తే సగం కథే అవుతుంది.

యాంగోన్ చుట్టుపక్కల రక్షణలో ఉన్న నీటి తావులు మెయిన్‌మహ్లాతో పాటు మరో రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. మొదటిది బగో దాటాక వచ్చే మోయున్‌జీ. అది సహజమైన సరస్సు కాదు. బగో, సిట్టాంగ్ నదులను కలిపే కాలువకు నీళ్ళివ్వడానికి 1878లో బ్రిటిష్‌వాళ్ళు కట్టించిన చెరువు. పడవల రాకపోకలు తగ్గి కాలువ అవసరం తీరిపోయాక బాతులూ కొంగలూ ఆ నీటిని సొంతం చేసుకున్నాయి. 1988లో అభయారణ్యమైంది, ఆ తర్వాత మయన్మార్‌లో మొట్టమొదటి రామ్‌సార్ తావు అయింది. సుమారు 10,000 హెక్టార్లు. నీటిమట్టం నీటిపారుదల శాఖ చేతిలో, పక్షులు అటవీ శాఖ చేతిలో, చేపలు ఇంకో శాఖ చేతిలో. మన కొల్లేరు సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకంటే వివరం అక్కర్లేదు.

రెండోది మొత్తమ సింధుశాఖ, పాత పటాల్లోని మర్తబాన్. సిట్టాంగ్ నది ముఖద్వారంలో పోటు ఎక్కినప్పుడు నీరు గోడలా లేచి వస్తుంది. పాటుకు మైళ్ళ కొద్దీ బురద మేట బయటపడుతుంది. ముక్కు కొస చెంచాలా వెడల్పుగా ఉండే పిడికెడంత ఉల్లంకి పిట్ట ఒకటి సైబీరియా తూర్పు కొసన గుడ్లు పెట్టి చలికాలానికి ఇక్కడికొస్తుంది. ప్రపంచంలో మిగిలిన ఆ జాతి పిట్టల్లో సగానికి సగం ఈ బురద మీదే చలికాలం గడుపుతాయని అంచనా. వలలు పన్ని పిట్టలు పట్టే జాలర్లకు వేరే బతుకుతెరువు చూపించి వేట తగ్గించిన పని ఇక్కడ జరిగింది. ఆ పని చేసింది బాంకా అనే స్థానిక ప్రకృతి సంరక్షణ సంస్థ, విదేశీ పక్షి శాస్త్రజ్ఞులు. నా ఉద్దేశంలో ఈ ప్రాంతం మొత్తంలో తేలిగ్గా చూపించగల విజయం ఇదే. కారణం కూడా తేలికైనదే. ఆ పిట్ట ఎవరికీ ప్రధానమైన ఆదాయం కాదు, వల మానేయమంటే మానేయడానికి జాలరికి పెద్ద నష్టం లేదు. మెయిన్‌మహ్లాలో అలా కాదు. అక్కడ పోటీ పడుతున్నది అన్నమూ, అన్నం వండే కట్టే.

ముందు అన్నం సంగతి. 1852 యుద్ధంతో దిగువ బర్మా బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. అప్పటికి అక్కడ వరి పండే నేల పది లక్షల ఎకరాలకు లోపే. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది, యూరప్‌కు బియ్యం ఎగుమతి దారి దగ్గరైంది. 1930ల నాటికి వరి నేల 80 లక్షల ఎకరాలు దాటింది, బర్మా ప్రపంచంలోనే అతిపెద్ద బియ్యం ఎగుమతిదారు అయింది. డెబ్బై ఎనభై ఏళ్ళలో అంత నేల సాగులోకి రావాలంటే అంత అడవి పోవాలి. పోయింది. మొదట మంచినీటి చిత్తడి అడవులు, రెల్లు బీళ్ళు పోయాయి. ఆ తర్వాత సముద్రం వైపు ఉప్పు తగిలే నేలల్లోని కనజో అడవుల వంతు వచ్చింది. కనజో అంటే బెంగాల్‌లో సుందరి అని పిలిచే చెట్టే.

ఈ మార్పులో తెలుగు కూలీ పని రెండు విడతలుగా ఉండేది. కోతల కాలంలో చేలకు, కోతలయ్యాక రంగూన్ బియ్యపు మిల్లులకు, రేవుకు. ఓడలో డెక్కు మీద ప్రయాణం, మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న అప్పు, ఆ అప్పు తీరేదాకా వెట్టికి తక్కువ కాని చాకిరి. బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలని పిలిచేవారు. ఆ పిలుపులో మర్యాద తక్కువే. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లోని నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతదేశం నుంచి వచ్చినవాళ్ళే. అంతకు ముందు ఏడాదే, 1930 మేలో, రేవు కూలీల సమ్మె తర్వాత తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య రక్తపాతం జరిగింది. వడ్ల ధరలు పడిపోయిన ఆ దశకంలోనే అప్పు తీర్చలేని బర్మా రైతుల భూములు వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయాయి. 1937 నాటికి ప్రధానంగా వరి పండే జిల్లాల్లో నాలుగో వంతు భూమి వాళ్ళ పేరిట ఉంది. అడవి కొట్టినవాడికి భూమి దక్కలేదు, వరి కోసినవాడికి ఊరు దక్కలేదు. 1942లో జపాన్ దండు రావడంతో మనవాళ్ళు లక్షల మందితో పాటు కాలినడకన అస్సాం దారి పట్టారు. తిరిగొచ్చినవాళ్ళలో కొందరు చేరిన చోటు విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపే. బర్మాలోనే ఉండిపోయినవాళ్ళ మనవలు, మునిమనవలు నేటికీ మయన్మార్‌లో ఉగాది చేసుకుంటున్నారు.

మిల్లుల గురించి ఒక మాట చెప్పాలి, వెనక పనికొస్తుంది. రంగూన్ మిల్లుల ఆవిరి యంత్రాలు బొగ్గుతో కాక, చాలావరకు అవి దంపిన వడ్ల ఊకతోనే నడిచేవి. అడవిని తిన్న పంట మిల్లుకు మాత్రం అడవి అవసరం లేకుండా చేసింది. ఇళ్ళ సంగతి అది కాదు. నగరంలో పొయ్యిలకు కట్టె, కట్టెబొగ్గు కావాలి. ఆ రెండూ డెల్టా పాయల మీదుగా పడవల్లో వచ్చేవి. 1880ల మొదట్లో తవ్విన ట్వంటే కాలువ ఇరావతి నీటిదారిని రంగూన్ నదికి దగ్గర చేసింది. బియ్యానికి పనికొచ్చిన దారి కట్టెకూ పనికొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పొయ్యి చల్లారలేదు. 2014 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 70 శాతం ఇళ్ళు కట్టెతో, 12 శాతం కట్టెబొగ్గుతో వండుతున్నట్టు తేలింది. కరెంటుతో వండేవి 16 శాతం. వాటిలో యాంగోన్ వాటా పెద్దదే. మడకట్టె బొగ్గుకు బజార్లో ఒక పేరుంది. గట్టిగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది, పొగ తక్కువ. ఇరుకు వాటాల్లో ఉండే ఇల్లాలికి అంతకంటే ఏం కావాలి? ఆమెను తప్పుపట్టేవాళ్ళు ముందు ఆమె చేతికి ఇంకొకటి ఇవ్వాలి.

డెల్టా మడను పొట్టన పెట్టుకున్నది ఈ పొయ్యేనా, వరిచేనా? ఈ ప్రశ్న దగ్గరే వాదం మొదలవుతుంది. చాలాకాలం అందరూ యాంగోన్ బొగ్గునే నిందించారు. 2014లో ఎడ్వర్డ్ వెబ్ బృందం ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనం దీన్ని తిరగేసింది. 1978లో 2,623 చదరపు కిలోమీటర్లున్న ఇరావతి మడ అడవి 2011 నాటికి 938కి పడిపోయిందని, అంటే మూడింట రెండు వంతులకు దగ్గరగా పోయిందని, పోయిన చోట ఎక్కువగా వచ్చింది వరిచేలేనని చెప్పింది. అభయారణ్యానికి బయట మిగిలిన మడ కూడా ఇదే తీరున సాగితే కొన్ని దశాబ్దాల్లో ఉండదని హెచ్చరించింది.

ఈ అధ్యయనం మంచిది. కానీ దాన్ని అందుకున్నవాళ్ళు 'కట్టె తప్పేం లేదు, వరిదే' అని తేల్చేయడం తొందరపాటు. ఉపగ్రహానికి కనిపించేది అడవి ఉందా, చేను ఉందా అన్నదే. ఏళ్ళ తరబడి పెద్ద చెట్లు ఒక్కొక్కటే పోయి, తుప్పలుగా మారి, ఆ తుప్పల్లోంచి కట్ట వేసి ఉప్పునీటిని ఆపేస్తే చేను అవుతుంది. ఆఖరి మెట్టు మాత్రమే పటంలో పడుతుంది. బొగలే, లబుట్టా, ప్యాపోన్ ప్రాంతాల అటవీ చరిత్ర చూస్తే క్రమం ఇదే. గొడ్డలి ముందు వెళ్తుంది, నాగలి వెనక వస్తుంది. 1970ల చివర్లో ప్రపంచ బ్యాంకు అప్పుతో దిగువ డెల్టాలో పెద్ద కట్టలు లేచాయి. ఉప్పునీరు ఆగిన చోట మడ మళ్ళీ మొలవదు. అటుపైన రొయ్యల చెరువులు వచ్చాయి. రొయ్యల చెరువు గురించి గోదావరి జిల్లాలవాళ్ళకు నేను చెప్పేదేముంది!

ఇదంతా జరుగుతుండగా మెయిన్‌మహ్లా నిలబడింది. చుట్టూ చేలు, మధ్యలో చెట్ల దిబ్బ. దీన్ని కొందరు రక్షణ చట్టం విజయంగా చూపుతారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. బ్రిటిష్‌కాలంలో రిజర్వు అడవి అనే హద్దు పడకపోతే అదీ చేనయ్యేది. అయితే ఆ లంకకు ఇంకో కాపలా కూడా ఉంది. నాలుగు వైపులా ఆటుపోట్ల పాయలు, లోపల మోకాలి లోతు బురద, ఆ పైన మొసళ్ళు. దగ్గరి ఊళ్ళ జాలర్లను మొసళ్ళు చంపిన సంఘటనలు నమోదై ఉన్నాయి. మనుషులకు ఇష్టంలేని చోటు కాబట్టి కూడా అడవి మిగిలింది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మొత్తం పేరు చట్టానికి కట్టబెడితే, అంత బురద లేని ఇంకో చోట అదే చట్టం ఎందుకు ఓడిపోయిందో అర్థం కాదు.

మొసలి కథలో కూడా నగరం చెయ్యి కనిపిస్తుంది. తోలు వ్యాపారం డెల్టా మొసళ్ళను ఒకసారి ఊడ్చేసింది. ఆ తర్వాత యాంగోన్‌లోని థాకేతా పేటలో ప్రభుత్వం మొసళ్ళ కేంద్రం పెట్టి పెంచడం మొదలుపెట్టింది. అక్కడ పెంచిన మొసలి పిల్లల్లో చాలావాటిని పట్టుకొచ్చింది ఈ డెల్టా నుంచే. కాపాడటం పేరున అడవిలోంచి పిల్లలను ఖాళీ చేయడం కూడా నష్టమేనని 2000 ప్రాంతంలో సర్వే చేసిన మొసళ్ళ శాస్త్రజ్ఞులు, వాళ్ళలో జాన్ థార్‌బ్యార్నర్సన్, స్టీవెన్ ప్లాట్, చెప్పారు. లోపల మొసళ్ళు ఉన్నాయి, గుడ్లు పెడుతున్నాయి, కానీ రావలసినన్ని పెద్దవి లేవు అన్నది వాళ్ళ బాధ. రాత్రిపూట చేపల వలల్లో చిక్కి మునిగిపోయే మొసళ్ళ గురించీ రాశారు. అంటే లంక హద్దు మొసలికి తెలియదు. వల లంక బయట ఉంది, మొసలి కూడా అప్పుడప్పుడు బయటే ఉంటుంది.

పీతల సంగతీ అంతే. మడ వేళ్ళ మధ్య బొరియల్లో దొరికే మండపీతలు చుట్టూరా ఉన్న ఊళ్ళ పేదలకు రోజు కూలి. డెల్టాలో సొంత భూమిలేని కుటుంబాలే ఎక్కువ. వాళ్ళకు పాయ, బురద, మడ తప్ప ఇంకో పొలం లేదు. పీత యాంగోన్ బజారుకు, అక్కడి నుంచి చైనాకు పోతుంది. అభయారణ్యంలో పీతలు పట్టడం నేరం. పట్టకపోతే పూట గడవదు. 1994 వన్యప్రాణి చట్టం ఇక్కడ కర్ర పట్టుకున్న కాపలాదారుడే తప్ప ఇంకేం కాలేకపోయింది. 2018లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ఊరివాళ్ళు కాపాడుకునే ప్రాంతాలకు మొదటిసారి చోటిచ్చింది. కాగితం మీద మంచి అడుగు. దాన్ని అమలు చేసే తీరిక మాత్రం ఆ దేశానికి దొరకలేదు.

2008 మే 2 రాత్రి సంగతి చెప్పకుండా ఈ సమీక్ష ముందుకు పోదు. నర్గీస్ తుపాను డెల్టా నైరుతి కొస దగ్గర తీరం దాటి, మర్నాటికల్లా యాంగోన్ మీదుగా పోయింది. ఉప్పెన నీరు పదుల కిలోమీటర్ల లోపలికి వచ్చింది. చనిపోయిన, కనబడకుండా పోయిన మనుషుల లెక్క 1,38,000 దాటింది. అందులో లబుట్టా, బొగలే ప్రాంతాల వాటా ఎక్కువ. రోజులు తిరగకుండానే అప్పటి ఆసియాన్ ప్రధాన కార్యదర్శి సురిన్ పిట్సువాన్ మడ అడవులు కొట్టేయడం వల్లే ఇంత ప్రాణనష్టమన్నారు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది, తర్వాత రాసిన ప్రతి నివేదికలోకీ ఎక్కింది.

ఆ మాట ఎంత నిజం? మడ ఉప్పెన వేగాన్ని తగ్గిస్తుందనడంలో పెద్ద తగువు లేదు. తగువంతా ఎంత అన్నదాని మీదే. దీని మీద నాకు తెలిసిన గట్టి పరిశీలన మయన్మార్‌ది కాదు, ఒడిశాది. 1999 పెను తుపానులో కేంద్రపడా జిల్లా ఊళ్ళ మీద సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించిన అధ్యయనం అది. ఊరికీ సముద్రానికీ మధ్య మడ పట్టీ వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువని వాళ్ళు చూపించారు. అదే కాగితంలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. సమయానికి అందిన తుపాను హెచ్చరిక మడ కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడింది. నర్గీస్ వస్తోందని భారత వాతావరణ శాఖ రోజుల ముందు నుంచే మయన్మార్‌కు చెబుతూ వచ్చింది. ఆ కబురు బొగలే పల్లెలకు అందవలసినట్టు అందలేదు. మడ నరికిన పేదవాడి మీద మొత్తం నేరం మోపడం అప్పటి సైనిక ప్రభుత్వానికి బాగా పనికొచ్చే వాదనే. సురిన్ ఉద్దేశం అది కాకపోవచ్చు.

ఈ కథలో మనవైపు కొస కోరంగి. రంగం ఓడలు కదిలిన ఆ రేవు కూడా ఉప్పెన దెబ్బ తిన్నదే. 1789 డిసెంబరులో మూడు అలలు వరసగా వచ్చి ఇరవై వేల మందిని పొట్టన పెట్టుకున్నాయని చెబుతారు. 1839 నవంబరు 25న మళ్ళీ వచ్చింది. దానికి మూడు లక్షల చావుల లెక్క పుస్తకాల్లో తిరుగుతోంది. ఆనాటి ఆ తీరం జనాభా చూస్తే నాకు ఆ అంకె మీద నమ్మకం లేదు. కలకత్తాలో ఉంటూ కోరంగి తుపాను గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే 1848లో సైక్లోన్ అనే పేరు పెట్టాడు. రేవు పోయింది, మడ మిగిలింది. 1978లో 235 చదరపు కిలోమీటర్ల మేర కోరంగి అభయారణ్యం ఏర్పడింది. కాకినాడ అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, గోదావరి పాయల వెంట మడ, తిల్ల, పొన్న చెట్లు, వాటిలో నీటికుక్కలు, బావురుపిల్లులు. 2018 కెమెరా లెక్కలో వందకు పైగా బావురుపిల్లులు తేలాయి.

ఇరావతి మడతో పోలిస్తే కోరంగి చిన్నది. కానీ ఇక్కడ జరిగిన ఒక పనిని అక్కడివాళ్ళు చూడదగ్గది. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరి సంఘాలు కలిసి పాడైన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు లోపలికి రానిచ్చాయి. నీరు వచ్చి పోతుంటే ఉప్పు పేరుకోలేదు, మొక్క నిలబడింది. నర్గీస్ తర్వాత మయన్మార్‌లో కూడా లక్షల మొక్కలు నాటారు. అంతకు ముందే ఫ్రెడా అనే స్థానిక సంస్థ జపాన్‌వాళ్ళతో కలిసి ఆ పని మొదలుపెట్టింది. 2015 నుంచి పశ్చిమ తీరాన వరల్డ్‌వ్యూ సంస్థ థార్ హెయర్‌డాల్ పేరున కార్బన్ వనం నాటింది. నీటి నడక చూడకుండా నాటిన మడ మొక్క ఎక్కడైనా చచ్చిపోతుంది. ఈ విషయంలో కోరంగి కాలువలకున్న విలువ మొక్కల లెక్కలకు లేదు.

కోరంగిలో ఇంకొకటి కూడా మారింది. తాళ్ళరేవు చుట్టుపక్కల ఊళ్ళలో మడకట్టె పొయ్యి కింద కాలడం తగ్గింది. 1999లో దీపం పథకంతో మొదలై ఇంటింటికీ గ్యాసు బండ వచ్చింది. అటవీ శాఖ తన నివేదికల్లో ఈ పేరు అంతగా ఎత్తదు కానీ, చెట్టుకు అది చేసిన మేలు కాపలాదారులు చేసిన మేలుకు తక్కువ కాదని నా అనుమానం. అలాగని మనం గొప్ప చెప్పుకోనక్కర్లేదు. కాకినాడ పక్కన దుమ్ములపేటలో 2020లో ఇళ్ళ స్థలాల పేరున మడ నేల చదును చేశారు. తగువు హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. గ్యాసు వచ్చిన చోట కూడా నగరం పెరగాలంటే ముందు కనబడే ఖాళీ మడే.

యాంగోన్‌కు ఆ జబ్బు ఎప్పటి నుంచో ఉంది. నగరం పెరిగినదంతా పల్లపు నేలల మీదే. హ్లైంగ్ నదికి పశ్చిమాన హ్లైంగ్‌తాయా పారిశ్రామిక వాడ అలాగే లేచింది. 2018లో నదికి ఆవలి ఒడ్డున కొత్త యాంగోన్ నగరం కట్టాలన్నప్పుడు అది వరద నీరు నిలిచే చోటని చెప్పినవాళ్ళు చాలామంది. పైనుంచి వచ్చే ఒండ్రు తగ్గితే డెల్టా కొస కుంగుతుంది. నది ఎగువన తలపెట్టిన మిత్సోన్ ఆనకట్ట 2011లో ఆగడానికి వెనక రాజకీయం ఎంత ఉన్నా, డెల్టాకు అది మంచిదే అయింది. నదుల్లో ఇసుక తోడటం మాత్రం ఆగలేదు.

ఇక్కడ డాల్ఫిన్ గురించి కొంచెం పక్కదారి పడతాను. ఇరావతి డాల్ఫిన్ అని ప్రపంచమంతా పిలిచే జీవికి శాస్త్రీయంగా మొదటి వర్ణన రాసింది రిచర్డ్ ఓవెన్, 1866లో. ఆయనకు ఆధారమైన నమూనా 1852లో దొరికింది ఇరావతిలో కాదు, విశాఖపట్నం రేవులో. నదిలోని గుంపుకు మయన్మార్ ప్రభుత్వం 2005లో మాండలే ఎగువన దాదాపు 74 కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించింది. అక్కడ జాలర్లు పడవ అంచు తట్టి డాల్ఫిన్‌ను పిలుస్తారు, అది చేపలను వల వైపు తోలుతుంది. కరెంటు షాకుతో చేపలు పట్టేవాళ్ళు వచ్చాక ఈ చుట్టరికం దెబ్బతింది. రక్షిత ప్రాంతపు గీతకూ బతుకుతెరువుకూ పొత్తు కుదిరిన అరుదైన చోటు అది. డెల్టాలో అలాంటిది ఎవరూ నిలబెట్టలేకపోయారు.

2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత డెల్టా పరిస్థితి అర్థం చేసుకోవడానికి అడవి కంటే ముందు కరెంటు చూడాలి. 2019 చివరికి దేశంలో సగం ఇళ్ళకు కరెంటు అందింది, యాంగోన్‌లో కరెంటు పొయ్యిలు, గ్యాసు పొయ్యిలు పెరుగుతూ వచ్చాయి. తిరుగుబాటు తర్వాత కోతలు మొదలయ్యాయి. రోజులో చాలా గంటలు నగరం చీకటి. గ్యాసు ధర పెరిగింది. కట్టెబొగ్గు మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. అదే సమయంలో విదేశీ నిధులతో నడిచే సంరక్షణ పనులు చాలావరకు ఆగిపోయాయి. గిరాకీ పెరిగిన రోజునే కాపలా తగ్గింది. రామ్‌సార్ జాబితాలో మెయిన్‌మహ్లా పేరు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే నా జవాబు మొక్కల నర్సరీ కాదు. లంకలో ఉన్న మడకు పోటు నీరు తగిలితే తన విత్తనం తానే చల్లుకుంటుంది. బొగలే, ప్యాపోన్ పల్లెల్లో సొంత భూమిలేని ఇంటికి పీతలు పట్టుకునే హక్కు ఒక పద్ధతిలో ఇవ్వడం, యాంగోన్ వంటింట్లోకి కట్టెబొగ్గుకు బదులు ఇంకొకటి చవగ్గా చేర్చడం, ఈ రెండూ ముందు. మొదటిది రాజకీయం, తుపాకులు దిగేదాకా కదలదు. రెండోదానికి మాత్రం ముడిసరుకు డెల్టాలోనే ఉంది. పాయల ఒడ్డు మిల్లుల దగ్గర ఊక గుట్టలుగా పడి ఉంటుంది. చాలాచోట్ల నదిలోకే తోసేస్తారు. ఊక గ్యాసుతో కరెంటు తీసే చిన్న యంత్రాలు మయన్మార్ పల్లెల్లో చాలా ఏళ్ళుగా నడుస్తున్నాయి. ఊకను నొక్కి కడ్డీలు చేస్తే పొయ్యిలో కట్టెబొగ్గుకు బదులు పనికొస్తాయి. ఊక పొయ్యి మీద వండుకున్న తరం గోదావరి జిల్లాల్లో ఇంకా బతికే ఉంది, దాని పొగా, మసీ ఎలా ఉంటాయో వాళ్ళకు తెలుసు. కాబట్టి ఎవరూ దాన్ని గొప్ప వరంగా ఊహించుకోనక్కర్లేదు. వందేళ్ళ కిందట తెలుగు కూలీలు మోసిన వడ్లను రంగూన్ మిల్లులు ఏ ఊకతో దంపాయో, అదే ఊక ఇప్పుడు వంటింటిదాకా రాకపోవడానికి అడ్డం సాంకేతికత కాదు, ఏ శాఖ దాన్ని తన పనిగా తీసుకుంటుందన్నది. అడవి శాఖ లంకను చూస్తుంది, విద్యుత్ శాఖ తీగలను చూస్తుంది. మిల్లు యజమాని ఊకను చెత్తగా చూస్తాడు.